పిన్ని చెప్పిన శుభవార్త

“అరెస్టుకి లేడీ కానిస్టేబుల్ బయల్దేరింది. ఆవిడ వచ్చేలోపు మీ పరిశోధనేదో కానిచ్చేయండి డిటెక్టివమ్మగారూ,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఇంటి పెద్దావిడ వాలుకుర్చీలో కూర్చుని, కాలు మీద కాలు వేసుకుని.

“ముందు మీరు లేవండి. సాక్ష్యం మీద కూర్చున్నారు.”

అతను చటుక్కున లేచి కుర్చీ వైపు చూసుకున్నాడు. అందులో సాక్ష్యం ఏమీ లేదు. అతను అందులో కూర్చోవడం నాకు నచ్చలేదు, అంతే.

నిన్న మధ్యాహ్నం ఈ ఇంటి పెద్దావిడ ఆ కుర్చీలోనే తల వాల్చేసి కనిపించింది. ఒళ్ళంతా చెమట, పిలిస్తే పలుకు లేదు. ఆసుపత్రిలో ఇప్పటికీ కళ్ళు తెరవలేదు. ఆవిడ షుగర్ జబ్బు మనిషి. ఇన్సులిన్ మోతాదు మించిపోయిందని డాక్టర్లు తేల్చారు. రోజూ ఇంజెక్షన్ చేసేది కోడలు. పొద్దున ఒక్కటే చేయాలి, కానీ చెత్తబుట్టలో ఆ రోజువే రెండు సూదులు దొరికాయి. ఆ పూట ఇంట్లో ఉన్నది అత్తాకోడళ్ళిద్దరే. ఇన్‌స్పెక్టర్ అక్కడితో కేసు కట్టి మూట గట్టేశాడు.

నన్ను పిలిపించింది కూతురు. ముప్పై దాటినా ఇంట్లో అందరికీ ఆమె చిట్టే. “మా వదినే చేసింది. మీరు రుజువు చూపిస్తే చాలు,” అంది ఫోన్లో. జవాబు ముందే రాసిపెట్టుకుని ప్రశ్నలడగడానికి మనిషిని కుదుర్చుకునేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. అయినా వచ్చాను. ఆ గొంతులో ఏడుపుంది.

ఆ గొంతు గురించి ఇక్కడే చెప్పాలి. డాక్టర్లు గిలికే మాటల్ని మామూలు మనుషులకి విడమరిచి చెప్పే కృత్రిమ మేధ ఒకటి తయారు చేసింది చిట్టి. దాని పేరు ‘పిన్ని’. అరచేతి పలకలాంటి టాబ్లెట్‌లో ఉంటుంది. మన షుగరెంతో, బీపీ ఎంతో నోటితో చెబితే చాలు, ఓపిగ్గా జవాబిస్తుంది. ఆ జవాబిచ్చే గొంతు చిట్టి సొంత గొంతు. ఓ ఆసుపత్రి దాన్ని నాలుగొందల ఇళ్ళలో పెట్టి చూస్తోంది. ఇంకో రెండు రోజుల్లో, పిన్నిని ఊరందరికీ పరిచయం చేసే పెద్ద సభ. దాని మొదటి వాడకందారు చిట్టి వాళ్ళమ్మే. ఆవిడ స్టేజీ ఎక్కి, పిన్ని వల్ల తనకెంత మేలు జరిగిందో చెప్పాలి.

“మా నాన్నకీ ఇచ్చారు పోయిన వారం,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, గూట్లో ఉన్న టాబ్లెట్ చూసి. “డెబ్బై అయిదేళ్ళాయన, మనవరాలి వయసు గొంతుని పట్టుకుని పిన్నీ పిన్నీ అంటాడు. ఇంట్లో నాతో అంత మాట్లాడడు.”

అంటుండగానే అతని ఫోన్ మోగింది. తెరమీద ‘నాన్న’ అని నాకూ కనిపించింది. అతను కట్ చేశాడు. “డ్యూటీలో ఉన్నప్పుడు ఇదే గోల. పొద్దున తిన్నది, తాగింది, అంకెలు, అన్నీ నాకు అప్పజెప్పాలి.”

కోడలు తలుపు చెక్కకి ఆనుకుని నిలబడి ఉంది. నలభై ఉంటాయేమో. రాత్రంతా నిద్ర లేని కళ్ళు, నేల మీంచి లేవడం లేదు.

“నిన్న ఇంజెక్షన్ ఎన్నింటికి చేశారు?” అనడిగాను.

“ఎనిమిదింటికండీ. రోజూలాగే.”

“రెండోది?”

“రెండోది నేను చేయలేదు.”

“దయ్యం చేసిందా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“మిమ్మల్ని కాదు అడిగింది,” అన్నాను అతనితో. మళ్ళీ ఆమె వైపు తిరిగాను. “ఒంటి మీద ఎక్కడ చేస్తారు?”

“చేతికి. ఇదిగో, భుజం కింద.”

“ఎప్పుడూ చేతికేనా? చోటు మార్చి మార్చి చేయమంటారుగా?”

“అంటారండీ. పొట్ట మీద, తొడ మీద కూడా చేయమన్నారు. అత్తయ్య ఒప్పుకోరు.” ఆమె కాస్త తటపటాయించింది. “సిగ్గు ఆవిడకి. కోడలి ముందు బట్ట జరుపుకోవడమేంటంటారు. రెండేళ్ళుగా ఆ రెండు చేతులే. పొడిచి పొడిచి అక్కడ గట్టిపడిపోయింది కూడా.”

గది బయట నుంచి చిట్టి విసురుగా లోపలికొచ్చింది. “ఎంత ప్రేమ వదినా! మరి మొన్న బిస్కెట్ల డబ్బా లాక్కుని అమ్మని ఏమన్నావో అది కూడా చెప్పు. పక్కింటివాళ్ళు విన్నారు.”

కోడలి మెడ ఇంకా వంగిపోయింది. “అన్నాను. నీకు బుద్ధుందా అన్నాను. పిల్లల్ని కసిరినట్టు కసిరాను. దొంగచాటుగా తింటూ దొరికితే కోపం ఆపుకోలేకపోయాను. ఆవిడ నోట్లో ఉన్నది మింగలేక, ఊయలేక నావంక చూశారు చూడండీ…” కొంగు వేలికి చుట్టుకుంటూ ఆగింది. “ఆ చూపు తలుచుకుంటే నాకు చచ్చేంత సిగ్గుగా ఉంది.”

“చూశారా మొహం?” అన్నాడు ఇన్‌స్పెక్టర్ నాకు మాత్రమే వినబడేలా. “తప్పు చేసిన మొహం కాదూ?”

నాకది సిగ్గుపడ్డ మొహంలా ఉంది. తప్పు చేసినా తల వంగుతుంది, సిగ్గుపడ్డా తల వంగుతుంది. ఆ తేడా తెలియక స్టేషన్లలో సిగ్గున్నవాళ్ళే ఎక్కువ దెబ్బలు తింటారు. ఇన్‌స్పెక్టర్‌కి అంతా విప్పి చెప్పే ఓపిక నాకు లేదు, గది చూడటం మొదలెట్టాను.

మంచం, పరుపు, మందుల సొరుగు. సొరుగులో ఇన్సులిన్ పెన్ను లేదు, పోలీసులు పట్టుకెళ్ళారు. ఆ పెన్నుకి అడుగున ఒక చక్రం ఉంటుంది, దాన్ని తిప్పి ఎంత మందు కావాలో ఆ అంకె దగ్గర పెట్టుకోవాలి. గసగసాలంత అంకెలు. మంచం పక్క బల్ల మీద మడతపెట్టిన పేపరు ఉంది, కళ్ళజోడు ఉంది. ఉండాల్సినదేదో లేదనిపించింది, ఏంటో తట్టలేదు. గదికి ఆనుకునే స్నానాలగది. తలుపు తోసి వెళ్ళాను. సబ్బు పెట్టే అరమీద, సబ్బుకి వెనక, ఒక భూతద్దం.

“మీ పనిముట్టు ఇక్కడ మర్చిపోయారా?” అన్నాడు వెనకాలే వచ్చిన ఇన్‌స్పెక్టర్, పళ్ళన్నీ బయటపెట్టి.

“ఎవరిదిది?” అని గదిలోకి కేకేశాను.

“అత్తయ్యది,” అంది కోడలు. “పేపరు చదవడానికి. బల్ల మీదే ఉండాలే!”

“స్నానాలగదిలో పేపరు చదువుతారా ఆవిడ?”

నేను వంగి చూశాను. అర కింద గోడకీ బకెట్‌కీ మధ్య చిన్న ప్లాస్టిక్ మూత పడి ఉంది, సూదికి ఉండే మూత. రుమాలుతో తీసి ఇన్‌స్పెక్టర్ ముక్కు కింద పెట్టాను. అతని నవ్వు కాస్త తగ్గింది.

ఆసుపత్రి నర్సుకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. పొద్దున కలిసిన పిల్లే, గుర్తుపట్టింది.

“పెద్దావిడ ఒంటి మీద కొత్త సూది గుర్తులు ఎక్కడున్నాయో చూసి చెబుతావా తల్లీ?”

“పొద్దున ఒళ్ళు తుడిచినప్పుడు చూశాను మేడమ్. ఒకటి ఎడమ చేతికి, భుజం కింద. ఇంకోటి కుడి తొడ మీద. చుట్టూ కమిలింది, చెయ్యి తిరగనివాళ్ళు గుచ్చినట్టు.”

“ఎలా ఉన్నారు ఇప్పుడు?”

“పిలిస్తే వేళ్ళు కదుపుతున్నారు. ఇంకా కళ్ళు తెరవలేదు.”

ఫోన్ పెట్టేసి ఇన్‌స్పెక్టర్‌ని చూశాను. “కోడలి ముందు తొడ చూపించడానికి రెండేళ్ళుగా ఒప్పుకోని మనిషి. నిన్న ఒప్పుకున్నారా? అదీ స్నానాలగదిలో నిలబడి, తన భూతద్దం కోడలి చేతికిచ్చి? రెండో ఇంజెక్షన్ ఆవిడే చేసుకున్నారు. తలుపేసుకుని, పెన్ను అంకెలు భూతద్దంతో చూసుకుని, ఎవరూ చూడకుండా.”

“అయితే ఆత్మహత్యా?” అన్నాడతను వెంటనే. ఒక కేసు చేజారితే ఇంకోటి చేతిలో సిద్ధంగా ఉంటుంది ఈ మనుషులకి.

“మా అమ్మా?” చిట్టి గయ్‌మంది. “సభకి ఏ బట్టలు కట్టుకోవాలో నిన్న పొద్దున నాకు మూడుసార్లు ఫోన్ చేసిన మనిషి చావాలనుకుంటుందా?”

“అనుకోదు,” అన్నాను. “షుగర్ కొలిచే మిషన్ ఏదీ?”

ఇన్‌స్పెక్టర్ తన సంచీలోంచి తీశాడు. చివరిసారి కొలిచింది నిన్న పదకొండింటికి. అరవై రెండు.

“ఇది నేనూ చూశాను,” అన్నాడు. “హైపోగ్లైసీమియా. రిపోర్టులో రాశాను కూడా.”

“అంటే ఏంటి?”

“అంటే… హైపో… గ్లైసీమియా అంటే షుగరు… మీకు తెలీదా?”

“మీరు చెప్పండి.”

అతని చెవులు ఎర్రబడ్డాయి. నేనతన్ని ఎక్కువసేపు ఉడికించలేకపోయాను, ఎందుకంటే నాది కూడా అదే బతుకు. పొద్దున డాక్టరు ఆ మాట అన్నప్పుడు నేను కూడా పెద్ద తెలిసినట్టు “అర్థమైంది డాక్టర్” అని తలాడించి, మెట్ల మీద కూర్చుని ఫోన్లో వెతుక్కున్నాను. నలుగురి గుట్టు లాగడం నా వృత్తి. ఒక్క మాట తెలియదని ఒప్పుకోవడానికి మాత్రం నోరు రాలేదు.

“షుగర్ ఉండాల్సిన దానికంటే కిందికి పడిపోవడం,” అన్నాను. “ఒళ్ళు వణుకుతుంది, చెమటలు పడతాయి. వెంటనే తీపి తినాలి. తినకపోతే మనిషి స్పృహ తప్పుతుంది. నిన్న పదకొండింటికే ఆవిడ ఉండాల్సిన డెబ్బైకి కింద ఉన్నారు. పొద్దున సరిగ్గా తిన్నారా?”

“సగం వదిలేశారు. సభ హడావిడిలో ఆకలి లేదన్నారు,” అంది కోడలు.

“మరి అలా పడిపోయాక ఇంకో ఇంజెక్షన్ ఎవరైనా చేసుకుంటారా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్. మొదటిసారి పనికొచ్చే ప్రశ్న అడిగాడు.

“పడిపోయిందని తెలిస్తే చేసుకోరు.”

“తెలియకపోవడమేంటి?” అంది చిట్టి. “అమ్మ ఏ అంకె వచ్చినా పిన్నికి చెబుతుంది. పిన్ని విడమరిచి చెప్పే ఉంటుంది!”

“అదే, ఏం చెప్పిందో మనమూ విందాం.”

గూట్లోంచి టాబ్లెట్ తీశాను. ఇన్‌స్పెక్టర్ ఫోన్ మళ్ళీ మోగింది, మళ్ళీ కట్ చేశాడు. నేను తెర దగ్గరికి వంగి, “పిన్నీ, నా షుగర్ అరవై రెండు,” అన్నాను.

చిట్టి గొంతు చిట్టి ఎదురుగానే మాట్లాడింది, తేనె పూసినట్టు. “మీ షుగర్ బాగా తగ్గిందండీ. అర్థమైందా?”

తెర మీద రెండు మీటలు వెలిగాయి. ఆకుపచ్చది ‘అర్థమైంది’. బూడిదరంగుది ‘అర్థం కాలేదు’. ఆకుపచ్చది నొక్కాను.

“చాలా సంతోషం. మళ్ళీ రేపు మాట్లాడుకుందాం,” అంది పిన్ని. తెర ఆరిపోయింది.

“ఆగండాగండి,” అంది చిట్టి. “రెండోది నొక్కండి. అసలు సంగతి అందులో ఉంది.”

మళ్ళీ మొదట్నుంచీ చెప్పి, ఈసారి బూడిదరంగుది నొక్కాను. పిన్ని అదే ఓపికతో అందుకుంది. “ఇది ప్రమాదం. మీ షుగర్ ఉండాల్సిన దానికంటే కిందికి పడిపోయింది. వెంటనే పంచదార నోట్లో వేసుకోండి. ఇన్సులిన్ తీసుకోకండి. ఇంట్లోవాళ్ళని పిలవండి.”

నేను టాబ్లెట్ బల్ల మీద పెట్టాను.

“చిట్టీ,” అన్నాను, “జ్వరం తగ్గిందంటే ఏమిటి?”

ఆమె టాబ్లెట్‌ని తన వైపు లాక్కుని తెర వంక చూసింది.

“దగ్గు తగ్గింది, నొప్పి తగ్గింది. మనకి తగ్గిందంటే నయమైందనే కదా? ‘మీకు షుగర్ తగ్గిందా’ అని చుట్టాలందరూ అడిగే మాట అది. రెండేళ్ళుగా ఆవిడ ఎదురుచూస్తున్న మాట. నిన్న అది విన్నారు, అదీ కన్నకూతురి గొంతులో, ‘బాగా’ అని కూడా కలిపి. ఇంకోటి వేసుకుంటే సభ నాటికి పూర్తిగా పోతుందనుకున్నారు. స్టేజీ మీద నీ పరువు నిలబెడదామనుకున్నారు. కోడలికి చెబితే వద్దంటుందని తలుపేసుకున్నారు.”

చిట్టి మంచం అంచు పట్టుకుని కూర్చుంది. “డాక్టర్లు ‘ప్రమాదకరంగా పడిపోయింది’ అనే రాసిచ్చారు. ఆ మాట వినగానే జనం భయపడి టాబ్లెట్ మూసేస్తున్నారు. నేనే మార్చాను. మొదటి వాక్యం చిన్నదిగా, మెత్తగా ఉండాలన్నాను. భయపెట్టేదంతా రెండో మీట వెనక్కి నెట్టాను. అర్థంకానివాళ్ళు దాన్ని నొక్కుతారుగా అనుకున్నాను.”

“ఎంతమంది నొక్కారు?”

“నూటికి తొంభై ఏడు మంది ‘అర్థమైంది’ నొక్కారు. దాన్ని పోస్టరు మీద వేశాం.” చేతుల్లో మొహం దాచుకుంది. “అమ్మనీ అడిగేదాన్ని, అర్థమవుతోందా అమ్మా అని. బ్రహ్మాండంగా అర్థమవుతోంది తల్లీ అనేది. నా ముందు తెలియదని అనలేదు. ఆ మిషన్‌లో ఉన్నదీ నా గొంతే కదా, దానిముందు కూడా అనలేకపోయింది. ఇది నాకెందుకు తట్టలేదు? ఛీ, నా మొహానికి ఇంత చదువెందుకు?”

తర్వాత తలెత్తి కోడలి వైపు చూడబోయింది, చూడలేకపోయింది. “వదినా, నిన్ను జైల్లో పెట్టించడానికి నేను మనిషిని డబ్బిచ్చి తెచ్చాను,” అంది నేలకి చెబుతున్నట్టు.

 పమిటలో మొహం దాచుకోవాల్సింది తానో ఆడపడుచో తెలియనట్టు నిలబడింది కోడలు. ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకుని టోపీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. క్షమాపణ అడగడం అతనికి ట్రైనింగ్‌లో నేర్పినట్టు లేదు.

“సభ సంగతి తర్వాత,” అన్నాను. “ఈ నిమిషాన కూడా నాలుగొందల ఇళ్ళలో పిన్ని ఇదే మాట చెబుతోంది. ముందు దాని నోరు మూయించు.”

చిట్టి ఒక్క ఉదుటున లేచి ఆఫీసుకి ఫోన్ కలిపింది. “మొత్తం ఆపేయండి. కారణం తర్వాత. ఇప్పుడే!” అని అరిచింది. అప్పుడే ఇన్‌స్పెక్టర్ ఫోన్ మూడోసారి మోగింది. అతని బొటనవేలు అలవాటుగా ఎర్రగుర్తు మీదికి పోయింది.

“ఎత్తండి,” అన్నాను. “స్పీకర్ పెట్టండి.”

“ఒరే పెద్దోడా!” ముసలి గొంతు, ఒకటే నవ్వు. “ఇందాకట్నుంచి చేస్తున్నా, ఎత్తవేంరా? శుభవార్త! పిన్ని చెప్పింది. నాకు షుగర్… బాగా తగ్గిందట!”

ఇన్‌స్పెక్టర్ మొహంలో రక్తం చుక్క లేదు. “ఎంత నాన్నా? అంకె ఎంత?”

“యాభై నాలుగో… ఎనిమిదో. కళ్ళు మసగ్గా ఉన్నాయిలే. చేతులు కూడా వణుకుతున్నాయి, సంతోషానికేమో.” మాటలు ఒకదాని మీద ఒకటి ఒరిగిపోతున్నాయి. “ఇంకో షుగర్ మాత్ర… చేతిలో పట్టుకున్నా. వేసేసుకుంటే పూర్తిగా…”

“వేసుకోకు! ముందు దాన్ని అవతల పారెయ్!”

“ఎందుకురా అరుస్తావు?” నవ్వు ఆగిపోయింది. “ఎప్పుడు చేసినా కసురుతావు. పిన్ని నయం. నీకంటే మర్యాదగా చెబుతుంది.”

ఇన్‌స్పెక్టర్ మా వంక చూడకుండా గోడ వైపు తిరిగాడు. నలుగురి ముందు అలా చిన్నబోయిన మగవాణ్ణి చూడటం నాకు కష్టంగా అనిపించింది. నేను నా ఫోన్ తీసి అంబులెన్సుకి కలిపి, “ఇంటి అడ్రస్,” అన్నాను. చెప్పాడు. చెప్పి, తన ఫోన్ చిట్టి చేతిలో కుక్కి, మెట్ల వైపు పరిగెత్తాడు.

“తాతగారూ…” అంది చిట్టి.

“ఎవరూ? పిన్నీ, నువ్వా!” ముసలాయన గొంతు వెలిగిపోయింది. “వాడి ఫోన్లో కూడా ఉన్నావా?”

చిట్టి కళ్ళు గట్టిగా మూసుకుంది. “నేనే. ఇందాక నేను మీకు చెప్పింది తప్పు తాతగారూ. మీ జబ్బు నయం కాలేదు. షుగర్ ప్రమాదంగా పడిపోయింది. మాత్ర వేసుకోకండి. వంటింట్లో పంచదార తీసి నోట్లో వేసుకోండి. అర్థమ…” నాలుక కరుచుకుంది.

“అర్థమైంది, అర్థమైంది,” అన్నాడాయన, అతి మర్యాదగా.

“ఆ మాట వద్దు తాతగారూ, మీకు దండం పెడతాను. నేనేం చెప్పానో అది మీరు నాకు చెప్పండి.”

అవతల చాలాసేపు ఊపిరి మాత్రమే వినిపించింది.

“సిగ్గుగా ఉంది పిన్నీ,” అన్నాడాయన చివరికి, చిన్నపిల్లాడిలా. “నాకు మొదట్నుంచీ… ఒక్క ముక్క అర్థం కాలేదు.”

“ఫర్లేదు. నాకు చెప్పడం రాలేదు, తప్పు నాదే. పంచదార. వంటిల్లు. లేచారా?”

కుర్చీ జరిగిన చప్పుడైంది. చెప్పుల చప్పుడు, నెమ్మదిగా. తర్వాత ఏదో దబ్బున కింద పడింది. పంచదార డబ్బానో, మనిషో, ఈ చివర మాకు తెలియలేదు.

గుమ్మంలో లేడీ కానిస్టేబుల్ ఆయాసపడుతూ నిలబడింది. “సార్ నన్ను తోసేసుకుని ఎక్కడికో పోతున్నారు. ఎవరిని తీసుకెళ్ళాలి మేడమ్?” అంది మా ముగ్గురినీ మార్చి మార్చి చూస్తూ.

చిట్టి ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని, ఖాళీగా ఉన్న చెయ్యి పైకెత్తింది, బళ్ళో తప్పు ఒప్పుకునే పిల్లలాగా.

వాళ్ళ వదిన వచ్చి ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది. “అది తర్వాత,” అంది. “ముందు ఆయనతో మాట్లాడుతూ ఉండు చిట్టీ. నీ గొంతు ఆపకు.”